ఆరు కుక్కపిల్లలకు ఆరు గడపలు

కార్తీకం వచ్చిందంటే మన వీధుల్లో కుక్కలు ఈనే కాలం. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వాటి గురించే ఉన్నాయి. పరకాల, నర్సంపేట, చివరికి హన్మకొండ... పశువుల దవాఖానల్లో 29 ఏళ్లు వెటర్నరీ అసిస్టెంట్‌గా పని చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా గల్లీవాళ్లతో కలిసి దిక్కులేని కుక్కలకు, పిల్లులకు ఇళ్లు చూస్తుంటాను. ఆ అనుభవంతోనే ఈ జవాబులు.

ప్రశ్న: మాది హన్మకొండలో వడ్డేపల్లి చెరువు దగ్గర అపార్ట్‌మెంట్. సెల్లార్ వెనక ఒక వీధికుక్క ఆరు పిల్లల్ని పెట్టింది. పోయిన శుక్రవారం మెయిన్ రోడ్డు మీద తల్లిని లారీ గుద్దింది. అక్కడికక్కడే చచ్చిపోయింది. పిల్లలకు నెల దాటి ఉంటుంది. రాత్రంతా ఒకటే ఏడుపు. ఫ్లాట్లవాళ్లలో సగం మంది కార్పొరేషన్‌కు ఫోన్ చేద్దామంటున్నారు, సగం మంది పాలు పోసి వెళ్లిపోతున్నారు. నాకు ఇద్దరు చిన్నపిల్లలు, మా అత్తగారికి ఆస్తమా. ఒక్క కుక్కపిల్లను కూడా ఇంట్లో పెట్టుకోలేను, అలాగని చూస్తూ ఊరుకోలేను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక గృహిణి, హన్మకొండ

జవాబు: అమ్మా, ఆరింటినీ మీరొక్కరే సాకాలని మనసులో పెట్టుకున్నారు, అందుకే నిద్ర పట్టడం లేదు. ఆ బరువు ముందు దించుకోండి. ఇది ఒక మనిషి చేసే పని కాదు, ఒక్కరే మీదేసుకుంటే నెల తిరక్కుండా అలిసిపోతారు. ఎవరికి ఏ పని అప్పజెప్పాలో తర్వాత చెబుతాను. ఈ రోజే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి, అవి ముందు.

పాలు ఆపించండి. ఆవు పాలైనా, బర్రె పాలైనా చాలా కుక్కపిల్లలకు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. నెల దాటిన పిల్లలు మెత్తటి తిండి తింటాయి. బాగా మెత్తగా ఉడికిన అన్నంలో ఉడికించిన గుడ్డు గానీ, ఎముకలు తీసిన కోడిమాంసం గానీ వేళ్లతో నలిపి, గోరువెచ్చని నీళ్లతో జారుగా కలిపి పెట్టండి. ఉప్పు, కారం, ఉల్లిగడ్డ తగలొద్దు. రోజుకు నాలుగుసార్లు, కొంచెం కొంచెం. అంచు తక్కువున్న వెడల్పు పళ్లెం అయితే ఆరూ ఒకేసారి తింటాయి, బక్కది వెనకబడదు. రాత్రి ఏడుపు ఆకలికే కాదు, చలికి కూడా. తల్లి పొట్ట వెచ్చదనం పోయింది కదా. పెద్ద అట్టపెట్టెలో గోనెసంచి పరిచి, దాని మీద పాత చీర వేయండి. ప్లాస్టిక్ సీసాలో వేడినీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, తువ్వాల చుట్టి ఒక మూలన పెట్టండి. దాన్ని ఆనుకొని పడుకుంటాయి.

ఈ వారంలోనే పశువుల దవాఖానకు తీసుకెళ్లి నట్టల మందు వేయించండి. బరువు చూసి మోతాదు వాళ్లే చెబుతారు. మెడికల్ షాపులో అడిగి అందాజాగా వేయొద్దు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, తర్వాత మూడు నాలుగు వారాలకొకసారి మళ్లీ. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా. ఇంకో సంగతి. ఎనిమిది వారాలు నిండేదాకా ఆరింటినీ కలిపే ఉంచండి. తల్లి లేదు కాబట్టి తోబుట్టువులే వాటికి బడి. ఒకటి గట్టిగా కొరికితే రెండోది కుయ్యిమని ఆట మానేస్తుంది. ఎంత మెల్లగా కొరకాలో అలాగే నేర్చుకుంటాయి. ముందే విడదీసిన పిల్ల రేపు వెళ్లిన ఇంట్లో చిన్నపిల్లల చేతులు కొరికి, మళ్లీ వీధికి వస్తుంది.

ఇక మనుషుల సంగతి. 2023 జూలై ఆఖర్లో వానలకు నయీంనగర్ నాలా పొంగిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. నీళ్లు తీశాక మా దగ్గర ఒక మెకానిక్ షాపు ముందు, టైర్ల కుప్ప మీద నాలుగు పిల్లలు దొరికాయి. తల్లి ఏమైందో తెలియదు. బురదకు కళ్లు కూడా అతుక్కుపోయి ఉన్నాయి. మెకానిక్ ఒక లారీ టైరు బోర్లించి, లోపల గోనె పట్టా వేసి, అదే పక్క చేశాడు. గుడ్ల దుకాణం అబ్బాయి చిట్లిన గుడ్లు పక్కన పెట్టి ఇచ్చేవాడు. టైలర్ దగ్గర కటింగ్‌లో మిగిలిన గుడ్డముక్కలు రోజూ పరుపుకు పనికొచ్చాయి. ఆటో అతను, “దవాఖానకు పోతే పైసలొద్దక్కా, ఖాళీగ పోయే ట్రిప్పే గద” అన్నాడు. డిగ్రీ చదివే అమ్మాయి ఫొటోలు తీసింది. ఎల్కతుర్తి నుంచి పాలు తెచ్చే ఆయన తను తిరిగే ఊళ్లన్నిటిలో చెప్పాడు. ఎదురింటి పెద్దాయనకు కుక్కలంటే పడదు, ఈనాటికీ ముట్టుకోడు. ఆయన కూడా గేటు పక్క నల్లా కడగడానికి వాడుకోమన్నాడు. ఎవరూ రోజుకు పావుగంట కన్నా ఎక్కువ ఇవ్వలేదు. నేను చేసిందల్లా ఒక నోట్‌బుక్ పెట్టి, ఎవరి వంతు ఎప్పుడో, ఏ పిల్లకు ఏ సూది అయిందో రాయడమే.

మీ అపార్ట్‌మెంట్‌లో కూడా “కుక్కల్ని ప్రేమించండి” అని ఎవరినీ అడగకండి. ఫలానా పని చేస్తారా అని అడగండి. మూడో ఫ్లోర్ ఆమెను పొద్దుటి గుడ్డు అడగండి. వాచ్‌మన్‌ను రాత్రి సీసా మార్చమనండి. కారున్నవాళ్లను నెలకు రెండుసార్లు దవాఖాన ట్రిప్పు అడగండి. కార్పొరేషన్‌కు ఫోన్ చేద్దామన్న వాళ్లను కూడా వదలొద్దు. వాళ్లకు కావాల్సింది సెల్లార్ శుభ్రంగా ఉండటం. “ఆరు వారాల్లో అన్నింటికీ ఇళ్లు చూస్తాం, అప్పటిదాకా రోజూ పొద్దున, సాయంత్రం కడిగిస్తాం” అని తేదీతో సహా చెప్పండి, చెప్పినట్టు చేయండి. మాట ఇచ్చి నిలబెట్టుకుంటే అడ్డుపడేవాళ్లు తక్కువ.

ఆ నాలుగింటిలో మాకు మూడే మిగిలాయి. నాలుగోది, ఎడమ చెవి మడిచినట్టుండే ఆడపిల్ల, పదకొండో రోజు తిండి ముట్టలేదు. సాయంత్రానికి వాంతులు, రాత్రికి రక్త విరేచనాలు. ఆ వాసన దవాఖానలో పని చేసినవాళ్లకు ముక్కు పుటాల్లో ఉండిపోతుంది. పార్వో, కుక్కపిల్లల పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు. సెలైన్ ఎక్కించారు, నేను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. తెల్లారి పోయింది. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. తిండి మానేసి, డీలా పడి, వాంతి చేసుకుంటే రేపు చూద్దామనుకోకుండా అదే గంటలో తీసుకెళ్లాలి, దాన్ని మిగతావాటి నుంచి వేరు చేయాలి. పార్వో క్రిమి నేలలో నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌తో పోదు, బ్లీచింగ్ కలిపిన నీళ్లతో కడగాలి. టీకా పూర్తికాని కొత్త పిల్లను ఆ చోటికి తేవొద్దు. మేము ఆ టైరు కూడా తీయించేశాం.

ఫొటో గురించి చెప్పాలి, ఎందుకంటే సగం ఇళ్లు ఫొటోతోనే దొరుకుతాయి. మురిక్కాలువ పక్కన వణుకుతున్న పిల్ల ఫొటో చూసి అందరూ “అయ్యో పాపం” అంటారు, తీసుకోవడానికి రారు. స్నానం చేయించిన మర్నాడు, పొద్దున్న ఏడెనిమిది గంటల ఎండలో, మీరు నేల మీద కూర్చుని దాని కళ్ల ఎత్తులో ఫోన్ పట్టుకుని తీయండి. పక్కన ఒక చెప్పు పెట్టండి, సైజు తెలుస్తుంది. ఫొటో కింద నిజం రాయండి. దేశీ కుక్కపిల్ల, ఆడది, రెండు నెలలు, ఒక టీకా అయింది, కొత్తవాళ్లను చూస్తే మంచం కిందికి దూరుతుంది, గుడ్డంటే ప్రాణం. ఆ పిరికితనాన్ని దాచిపెడితే తీసుకెళ్లినవాళ్లు మూడో రోజే “ఇదేంటి, దగ్గరికే రాదు” అని ఫోన్ చేస్తారు.

మీ ఆరింటిలో ఆడవి ఎన్నో రాయలేదు. ఎన్నున్నా వాటికే ఆలస్యమవుతుంది. “మగదైతే ఇయ్యుండ్రి” అనే మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు, విన్న ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది. ఏడాదికి రెండు ఈతలు వస్తాయన్న భయమే దానికి కారణం. ఆరు నెలల వయసులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఆ భయం ఉండదు. ఆ ఖర్చుకు మీ ఫ్లాట్లవాళ్లు ముందే కొంత చందా వేసుకుని, “ఆపరేషన్ మా బాధ్యత” అని చెప్పి చూడండి. మా దగ్గర ఆడపిల్లలు అలాగే ఇళ్లకు చేరాయి.

తీసుకుంటామని వచ్చినవాళ్లను అడగడానికి మొహమాటపడొద్దు. సొంతిల్లా, కిరాయిదా? పగలు ఇంట్లో ఎవరుంటారు? రాత్రి ఎక్కడ పడుకోబెడతారు? దసరాకు, సంక్రాంతికి ఊరెళ్తే ఎవరు చూస్తారు? ఇంట్లో పెద్దవాళ్లు సరేనన్నారా? కిరాయి సంగతి నేను ఒకసారి అడగలేదు. కొత్తగా పెళ్లైన జంట, మంచివాళ్లు, కళ్లలో నీళ్లు పెట్టుకుని మరీ తీసుకెళ్లారు. నలభై రోజులకు ఇంటి ఓనర్ ఒప్పుకోలేదు. నాకు చెప్పడానికి సిగ్గుపడి, రాత్రిపూట హంటర్ రోడ్డులో వదిలేశారు. మూడు రోజులు వెతికాం. ఒక టీకొట్టు బెంచీ కింద దొరికింది. మెడ బెల్టు అలాగే ఉంది, నన్ను చూసి లేవలేదు, తోక కొస మాత్రం కదిలించింది. తప్పు నాది. అడగాల్సిన ప్రశ్న నేను అడగలేదు. అప్పటి నుంచి ఓనర్‌తో ఫోన్లో మాట్లాడందే కిరాయి ఇంటికి ఇవ్వడం లేదు. ఇచ్చేటప్పుడు ఒక మాట కూడా చెబుతున్నాను. సాకలేకపోతే ఏ అర్ధరాత్రయినా మాకే తిరిగి ఇవ్వండి, ఎందుకని అడగం. పెంచుకున్న జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. అది చెబుతాను గానీ, ఆ చట్టం కన్నా “మాకే ఇవ్వండి” అన్న మాటే ఎక్కువ పని చేస్తుంది.

పల్లెల నుంచి మక్కచేనుకు కాపలా కావాలని రైతులు వస్తారు. కోతులు, అడవిపందుల బాధ వాళ్లకు నిజంగా ఉంది. ఇవ్వొచ్చు. కాకపోతే చేనులో ఒంటరిగా కట్టేసి వదిలేయకూడదు. నీడ, నీళ్లు, రాత్రి మనిషి తోడు ఉంటేనే. ఎల్కతుర్తి దగ్గర చేనుకు వెళ్లిన మాది మంచె కింద రైతు పక్కనే పడుకుంటుంది.

ఇచ్చిన మూడో రోజు, పదో రోజు, నెలకు ఒకసారి ఫోన్ చేయండి. మొదటి మూడు రాత్రులు ఏడుస్తుందని ముందే చెప్పి పంపండి. వీలైతే ఆ పాత చీరలో ఒక ముక్క చింపి వెంట ఇవ్వండి. తోబుట్టువుల వాసన ఉంటే తొందరగా కుదుటపడుతుంది.

ప్రశ్న: నేను మా కాలనీ సంఘం సెక్రటరీని. కాజీపేట ప్రాంతం. ఇద్దరు ముగ్గురు రోడ్డు మీద ఎక్కడపడితే అక్కడ కుక్కలకు అన్నం పెడుతున్నారు. గుంపులు పెరిగాయి, పిల్లలు ట్యూషన్‌కు వెళ్లడానికి భయపడుతున్నారు. మాట్లాడితే మమ్మల్ని దయలేనివాళ్లంటున్నారు. మీరేమంటారు?
— కాలనీ సెక్రటరీ, కాజీపేట

జవాబు: సార్, మీ భయం న్యాయమైనదే. 2023 మే నెలలో మీ కాజీపేటలోనే ఒక చిన్న బాబు వీధికుక్కల దాడిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ తల్లిదండ్రులను తలుచుకుంటే కుక్కల్ని ప్రేమించే నాకు కూడా నోట మాట రాదు. అన్నం పెట్టేవాళ్లు ఈ భయాన్ని కొట్టిపారేయకూడదు.

అలాగని తరిమేస్తే తీరేది కాదు. ఒక గుంపును తీసేస్తే అక్కడి చెత్తకుప్ప కోసం ఇంకో గుంపు వస్తుంది, దానికి టీకా కూడా ఉండదు. 2023 నాటి ఏబీసీ (జంతువుల సంతాన నియంత్రణ) నిబంధనలు చెప్పేది ఇదే. పట్టడం, ఆపరేషన్, టీకా, మళ్లీ అదే చోట వదలడం. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా రేబిస్ ఉన్నవి, మీద పడి కరిచేవి తప్ప మిగతావాటిని పట్టిన చోటే వదలమంది. తిండి మాత్రం నిర్ణయించిన చోటే పెట్టాలంది, రోడ్ల మీద కాదు. ఇష్టమున్నవాళ్లు మున్సిపాలిటీకి దరఖాస్తు చేసుకుని దత్తత తీసుకోవచ్చని, తీసుకున్నాక మళ్లీ వీధిలో వదలకూడదని కూడా చెప్పింది. ఆ నవంబర్ 7న బడులు, దవాఖానలు, బస్‌స్టాండ్లు, రైల్వే స్టేషన్ల లోపలి కుక్కల్ని మాత్రం అక్కడ మళ్లీ వదలొద్దంది.

కాబట్టి అన్నం పెట్టేవాళ్లను పిలిచి కూర్చోబెట్టండి. ట్యూషన్ దారికి దూరంగా ఒక చోటు, ట్యూషన్ లేని ఒక వేళ మీరే నిర్ణయించండి. తిన్నాక పావుగంటలో మిగిలింది ఎత్తేయాలి. ఆపరేషన్ అయిన కుక్కకు చెవి కొసన చిన్న కోత ఉంటుంది. మీ కాలనీలో కోత లేని కుక్కలెన్నో ఆ అన్నం పెట్టేవాళ్లతోనే లెక్క రాయించి, ఆ కాగితంతో కార్పొరేషన్‌కు వెళ్లండి. వాటిని దగ్గరకు పిలిచి పట్టించగలిగేది కూడా వాళ్లే. పిల్లలకు ఒకటి నేర్పండి. కుక్క మొరిగితే పరుగెత్తొద్దు, కళ్లలోకి చూడొద్దు, చేతులు దగ్గర పెట్టుకుని చెట్టులా నిలబడాలి. కరిస్తే, గీరినా సరే, సబ్బు పెట్టి ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, నేరుగా వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి గానీ దగ్గరి సర్కారు దవాఖానకు గానీ. రేబిస్ సూది అక్కడ ఉచితం. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు.

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. మా అబ్బాయి బెంగళూరు బదిలీ అయి తన లాబ్రడార్‌ను మా దగ్గర వదిలి వెళ్లాడు. పేరు బ్రూనో, తొమ్మిదేళ్లు. నాకు మోకాళ్ల నొప్పులు, దాన్ని బయట తిప్పలేను. ఎవరికైనా ఇచ్చేద్దామంటే మనసు ఒప్పడం లేదు. ముసలి కుక్కను ఎవరైనా తీసుకుంటారా?
— విశ్రాంత ఉద్యోగి, కరీంనగర్

జవాబు: తీసుకునేవాళ్లు తక్కువ సార్, దొరికినా తొమ్మిదేళ్ల వయసులో ఇల్లు మారడం దానికి చాలా కష్టం. కొన్ని తిండి మానేస్తాయి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీకు బరువైంది కుక్క కాదు, దాని నడక ఒక్కటే. ఆ ఒక్కటి పంచుకోండి. మీ వీధిలో ఇంటర్, డిగ్రీ పిల్లలుంటారు, కుక్కను పెంచాలని ఉండి ఇంట్లో ఒప్పుకోనివాళ్లు. ఇద్దరిని అడగండి. పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు, ఇరవై నిమిషాలు. ఆ వయసు లాబ్రడార్‌కు అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. మొదటి వారం మీరు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోండి, అది మిమ్మల్ని చూస్తూ వెళ్లి మిమ్మల్ని చూస్తూ వస్తుంది. ఇంట్లో టైల్స్ ఉంటే అది తిరిగే దారిలో గోనె పట్టాలు పరవండి, జారితే దాని తుంటి కీళ్లకు దెబ్బ. లావెక్కనివ్వొద్దు.

అప్పటికీ కుదరకపోతే, తెలిసినవాళ్లలోనే చూడండి. “ఉచితంగా ఇవ్వబడును” అని ఎక్కడా పెట్టొద్దు. తీసుకునేవాళ్లు ముందు రెండు మూడుసార్లు మీ ఇంటికి వచ్చి దానికి తినిపించాలి. పంపేటప్పుడు దాని పక్కబట్ట, గిన్నె, పది రోజులకు సరిపడా అది తినే తిండి, టీకా కార్డు, ఏ వేళకు ఏం చేస్తుందో రాసిన కాగితం వెంట ఇవ్వండి. బ్రూనోకు ఉరుములంటే భయమైతే అదీ రాయండి.

ప్రశ్న: కుక్కపిల్లను ఇచ్చేటప్పుడు డబ్బులు తీసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, జమ్మికుంట

జవాబు: నేను తీసుకోను. తర్వాతి టీకా మాత్రం తీసుకునేవాళ్లనే దవాఖానకు వచ్చి, వాళ్ల చేత్తో డబ్బు కట్టి వేయించుకోమంటాను. ఆ ఒక్క ట్రిప్పుకు బద్ధకించేవాళ్లకు పిల్లను ఇవ్వను.

ప్రశ్న: నేను ఎనిమిదో తరగతి. మా పిల్లి మూడు పిల్లల్ని పెట్టింది. ఇంకా కళ్లు తెరవలేదు. నాన్న వాటిని సంచిలో వేసి మార్కెట్ దగ్గర వదిలేస్తానంటున్నాడు. రెండు తెల్లవి, ఒకటి నల్లది. నల్లదాన్ని ఎవరూ తీసుకోరంట. నేనేం చేయాలి?
— ఒక విద్యార్థిని, పరకాల

జవాబు: బిడ్డా, ఈ జవాబు నాన్నకు చదివి వినిపించు. కళ్లు తెరవని పిల్లలు తల్లి లేకుండా ఒకటి రెండు రోజులు కూడా బతకవు. పుట్టిన వారం పది రోజులకు కళ్లు తెరుస్తాయి. ఎనిమిది వారాలు గడువు ఇవ్వమని నాన్నను అడుగు. ఆ లోపల వాటి దొడ్డి నువ్వే శుభ్రం చేస్తానని చెప్పు. ఒక ట్రేలో ఇసుక పోసి మూలన పెడితే నెల దాటాక అవే అక్కడికి పోవడం నేర్చుకుంటాయి. రెండు వారాలు దాటాక రోజూ కాసేపు మెల్లగా చేతిలోకి తీసుకుని నిమురు. అలా మనిషి చేయి తెలిసిన పిల్లలే ఇళ్లలో కుదురుకుంటాయి. మీ క్లాసులో చెప్పు, టీచర్‌కు చెప్పు. మీ ఊళ్లో రైస్‌మిల్లులు, కిరాణా దుకాణాలు ఉన్నాయి, ఎలుకల బాధ వాళ్లకు ఎప్పుడూ ఉంటుంది. నాన్ననే వెంట తీసుకెళ్లి అడుగు. తల్లి పిల్లి పాలిస్తుండగానే మళ్లీ చూలు కట్టగలదు. పిల్లలు పాలు మానగానే దానికి ఆపరేషన్ చేయించమని నాన్నకు చెప్పు. మీ పశువుల దవాఖానలో అడిగితే ఎక్కడ చేస్తారో చెబుతారు.

నల్లదానికి రెండు నెలల్లో ఎవరూ రాకపోతే పత్రిక అడ్రసుకే నాకు రాయి. హన్మకొండలో మా కిరాణా దుకాణం ఆయన బియ్యం బస్తాలు కొరికే ఎలుకలతో వేగలేక నెల రోజులుగా పిల్లిని అడుగుతున్నాడు. రంగు ఏదైనా ఫరవాలేదన్నాడు. మా ఆటో అతను పరకాల వైపు వారానికి ఒకసారి వస్తాడు, బుట్ట తెస్తాడు.